సైక్లింగ్ ట్రాన్స్‌ఫర్ సీజన్‌ని అర్థం చేసుకోవడం ఎలా? ఆగస్టు నుంచి జనవరి దాకా మెట్టుమెట్టుగా

జులైలో రాత్రి 9 గంటలకి టూర్ డి ఫ్రాన్స్ స్టేజి ముగింపు చూసిగానీ పడుకోని తెలుగువాళ్ళు బెంగళూరులో ఇప్పుడు చాలామందే ఉన్నారు. ఆదివారం తెల్లవారకముందే దేవనహళ్ళి రోడ్డు పట్టుకుని నంది కొండకి వెళ్ళే గుంపుల్లో టూర్ గెలిచిన పొగాచర్, వింగేగోర్ పేర్లు వినపడకుండా ఉండవు. రేసు గురించి అంత బాగా మాట్లాడేవాళ్ళు కూడా ఆగస్టు వచ్చేసరికి అయోమయంలో పడతారు. ఎవరు ఏ టీమ్‌కి పోతున్నారు, కాంట్రాక్టు ఉండగానే ఎలా పోతున్నారు, ఎవరు ఎవరికి డబ్బు కట్టారు, ఏదీ తేలదు. "అన్నా, అయూసోకి 2028 దాకా కాంట్రాక్టు ఉంది కదా, 2025లోనే ఎలా వదిలేశారు?" అని యూఏఈ టీమ్‌లో ఉన్న స్పెయిన్ రైడర్ అయూసో గురించి మా గుంపులో ఒక తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్న. దానికి జవాబు ఒక్క ముక్కలో చెప్పలేం, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఐపీఎల్ చూసి పెరిగిన మనకి ఆటగాడు టీమ్ మారాడంటే మొదట ధర గుర్తొస్తుంది. సైక్లింగ్‌లో వేలం లేదు, ఫుట్‌బాల్‌లోలా పద్ధతి ప్రకారం నడిచే ట్రాన్స్‌ఫర్ ఫీజు వ్యవస్థా లేదు. ఇక్కడ ముందు అడగాల్సినవి రెండే: కాంట్రాక్టు ఎప్పటిదాకా ఉంది, కొత్త టీమ్ ఇతన్ని ఏ పనికి పిలిచింది. ఈ రెండూ తెలిస్తే మిగతా వార్తలో చాలా భాగం మీరే ఊహించగలరు.

మెట్టు 1: ముందు క్యాలెండర్ పట్టుకోండి

ప్రొఫెషనల్ రోడ్ సైక్లింగ్‌లో కాంట్రాక్టులు మామూలుగా జనవరి 1న మొదలై డిసెంబరు 31న ముగుస్తాయి. వచ్చే సీజన్‌కి టీమ్ మారుతున్న రైడర్ పేరుని ఆగస్టు 1కి ముందు అధికారికంగా ప్రకటించకూడదని అంతర్జాతీయ సంస్థ యూసీఐ నియమం. అందుకే ఆ రోజు యూరప్‌లో ఉదయం 9 అయ్యేసరికి, అంటే మనకి మధ్యాహ్నం పన్నెండున్నరకి, ఆఫీసులో లంచ్‌కి లేచే వేళకి, ప్రకటనలు వరస కడతాయి. మాటలు మాత్రం చాలా ముందే నడుస్తాయి. ఏప్రిల్‌లో క్లాసిక్స్ అనే పెద్ద ఒక రోజు రేసులు జరిగే నాటికే ఏజెంట్లు తిరుగుతుంటారు, టూర్ విశ్రాంతి రోజుల్లో హోటళ్ళలో చాలా ఒప్పందాలు ఒక కొలిక్కి వస్తాయి. ఆగస్టు 1న మనం చూసేది ఎప్పుడో అయిపోయిన పెళ్ళికి శుభలేఖ మాత్రమే.

పాత టీమ్‌తోనే కొనసాగింపుకి ఈ తేదీ అడ్డు కాదు, ఎప్పుడైనా ప్రకటించుకోవచ్చు. పొగాచర్ యూఏఈ టీమ్‌తో 2030 దాకా ఉంటాడన్న ప్రకటన 2024 అక్టోబరులో వచ్చింది.

సీజన్ మధ్యలో, ఆగస్టులోనే, టీమ్ మారడానికి ఒక చిన్న కిటికీ ఉంది. అల్బెర్తో బెత్తియోల్ 2024 ఆగస్టులో ఈఎఫ్ టీమ్ వదిలి అస్తానాకి మారింది అలాగే. అదే నెల నుంచి టీమ్‌లు కుర్రాళ్ళని ఏడాది చివరిదాకా పరీక్షగా తీసుకోవచ్చు. వాళ్ళని స్టాజియేర్లు అంటారు. ఆ పేర్లు ఎవరూ పెద్దగా పట్టించుకోరు గానీ, రెండేళ్ళ తర్వాత తెర మీద కనపడేది వాళ్ళలో కొందరే.

శరదృతువులో యూసీఐ టీమ్‌ల లైసెన్సు కాగితాలు, ఆర్థిక హామీలు, బ్యాంకు గ్యారంటీలు పరిశీలిస్తుంది. బలహీనమైన టీమ్‌ల గుట్టు బయటపడేది ఆ వారాల్లోనే. డిసెంబరులో స్పెయిన్ తీరంలో శిక్షణ శిబిరాలు మొదలవుతాయి. కొత్త టీమ్‌లో చేరబోయే రైడర్ అక్కడ ఉంటాడు, కానీ డిసెంబరు 31 దాకా పాత స్పాన్సర్ హక్కులు ఉంటాయి కాబట్టి తరచుగా పేర్లు లేని సాదా జెర్సీలోనే కనపడతాడు. అలాంటి ఫొటో కనపడితే కంగారు పడొద్దు, అది మామూలే.

మెట్టు 2: టీమ్ ఏ అంతస్తుదో చూడండి

పై అంతస్తు వరల్డ్‌టూర్, అందులో మగవాళ్ళ టీమ్‌లు 18. దాని కింద ప్రోటీమ్‌లు, ఇంకా కింద కాంటినెంటల్ టీమ్‌లు. వరల్డ్‌టూర్ టీమ్‌కి పెద్ద రేసులన్నిటికీ నేరుగా ప్రవేశం ఉంటుంది. ప్రోటీమ్‌లలో ర్యాంకింగ్‌లో ముందున్నవాటికి కొన్ని సీట్లు దక్కుతాయి, మిగతావి నిర్వాహకుల పిలుపు కోసం చూడాలి. కాబట్టి వరల్డ్‌టూర్ నుంచి ప్రోటీమ్‌కి దిగినవాడు వెనకబడ్డాడని వెంటనే అనుకోవద్దు. టామ్ పిడ్‌కాక్ 2024 డిసెంబరులో ఇనియోస్ వదిలి క్యూ36.5 అనే ప్రోటీమ్‌కి వెళ్ళాడు. 2025లో స్పెయిన్‌లో జరిగే మూడు వారాల రేసు వూల్టాలో మూడో స్థానంతో పోడియం ఎక్కాడు. అక్కడ అతనే నాయకుడు, రేసుల ఎంపికలో అతని మాటకి బరువుంది. పెద్ద టీమ్‌లో మూడో నాయకుడిగా ఉండటం కంటే ఇది మంచి లెక్కే అని నేను అప్పుడే అనుకున్నాను, ఇప్పుడూ అదే అనుకుంటున్నాను.

మెట్టు 3: మీ సొంత షీట్ ఒకటి పెట్టుకోండి

ఆఫీసులో రోజంతా ఎక్సెల్‌తో గడిపేవాళ్ళకి ఇది కష్టం కాదు. 18 టీమ్‌ల రైడర్లందర్నీ ఎక్కించే పని పెట్టుకోకండి, ఒక్కో టీమ్‌లో 30 మంది దాకా ఉంటారు, విసుగొచ్చి మానేస్తారు. మీకు ఇష్టమైన మూడు టీమ్‌లు చాలు. గడులు ఇవి: పేరు, వయసు, కాంట్రాక్టు ముగిసే ఏడాది, ఇప్పుడు చేస్తున్న పని, ఎవరి కోసం చేస్తున్నాడు. ప్రోసైక్లింగ్‌స్టాట్స్, ఫస్ట్‌సైక్లింగ్ సైట్లలో కాంట్రాక్టు ఏడాది దొరుకుతుంది. అయితే టీమ్ బయటపెట్టని ఒప్పందాలు అక్కడ ఉండవు, కాబట్టి టీమ్ ప్రకటనతో సరిచూసుకోవాలి.

చివరి రెండు గడులు సైట్లలో దొరకవు. రేసులు చూసి మీరే నింపాలి. కొండ మొదలయ్యే ముందు నాయకుణ్ణి ముందుకి తెచ్చేది ఎవరు, సీసాలు మోసుకొచ్చేది ఎవరు, చివరి కిలోమీటరులో స్ప్రింటర్ ఎవరి చక్రం వెనక ఉన్నాడు అని చూస్తూ రాసుకోండి. ఈ షీట్ విలువంతా ఆ రెండు గడుల్లోనే ఉంది.

మహిళల టీమ్‌లకి కూడా ఒక పేజీ పెట్టండి. డెమి వొలెరింగ్ 2025కి ఎస్‌డీ వర్క్స్ నుంచి ఎఫ్‌డీజే-సూజ్‌కి, ఎలిసా లోంగో బోర్గిని లిడ్ల్-ట్రెక్ నుంచి యూఏఈ టీమ్ ఏడీక్యూకి వెళ్ళడంతో అంతకుముందు ఒకే టీమ్ చేతిలో ఉన్న ఆట నాలుగైదు టీమ్‌ల మధ్యకి వచ్చింది. అదే ఏడాది విస్మాలో చేరిన పొలీన్ ఫెరాన్-ప్రేవో టూర్ డి ఫ్రాన్స్ ఫెమ్ గెలిచింది. ఒక్క శీతాకాలంలో ఒక క్రీడ ముఖచిత్రం ఎలా మారుతుందో చూడాలంటే మగవాళ్ళ రేసింగ్ కంటే ఇదే మంచి ఉదాహరణ.

మెట్టు 4: పుకారుకీ వార్తకీ తేడా పట్టండి

ఒక వార్త కనపడగానే అది ఏ దేశం పత్రిక నుంచి పుట్టిందో చూడండి. బెల్జియం టీమ్‌ల సంగతి హెట్ నియుస్‌బ్లాడ్, హెట్ లాట్‌స్టె నియుస్‌లకి ముందు తెలుస్తుంది. ఇటలీ రైడర్లయితే గజెట్టా డెల్లో స్పోర్ట్, ఫ్రెంచ్ వాళ్ళయితే లెకిప్. స్పెయిన్ పత్రిక బెల్జియం రైడర్ గురించి రాస్తే ఒక రోజు ఆగండి. రెండో దేశం పత్రిక సొంతంగా అదే చెప్తే నమ్మకం పెరుగుతుంది, మొదటిదాన్నే తిప్పి రాస్తే పెరగదు.

ఆ తర్వాత ఎవరు చెప్పినట్టు రాశారో చూడండి. ఏజెంట్ వైపు నుంచి వచ్చిన వార్తలో మూడు టీమ్‌ల పేర్లు ఉంటాయి, ఆసక్తి ఎక్కువగా ఉన్నట్టు కనపడితే ఉన్న టీమ్‌తోనే జీతం పెంచుకోవచ్చు. బెంగళూరులో చేతిలో ఆఫర్ లెటర్ పెట్టుకుని మేనేజర్‌తో మాట్లాడినవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. ఒకే టీమ్ పేరు, ఎన్నేళ్ళు, ఏ రేసులు అనే వివరాలతో వస్తే అది దాదాపు ఖాయమైన వార్త. యూసీఐ రైడర్ల ఏజెంట్లకి లైసెన్సు పద్ధతి పెట్టింది, కాబట్టి ఆ పని చేసేవాళ్ళ పేర్లు కూడా దాపరికం కాదు. ఒక ఏజెంట్ దగ్గర ఎవరెవరున్నారో గమనిస్తే, వాళ్ళలో ఇద్దరు ముగ్గురు ఒకే టీమ్ వైపు నడవడం మీరే చూస్తారు.

మెట్టు 5: కాంట్రాక్టు మధ్యలో తెగినప్పుడు మూడు పక్షాల మాటా వినండి

తమ్ముడి ప్రశ్న ఇక్కడికి వస్తుంది. కాంట్రాక్టు ఉన్న రైడర్ వెళ్ళాలంటే పాత టీమ్, కొత్త టీమ్, రైడర్ ముగ్గురూ ఒప్పుకోవాలి, యూసీఐకి తెలియాలి. పాత కాంట్రాక్టుని పరస్పర అంగీకారంతో రద్దు చేసుకుంటారు, దానికి బదులుగా పాత టీమ్‌కి ఎంతో కొంత సొమ్ము ముడుతుంది. మనవాళ్ళకి తెలిసిన నోటీసు పీరియడ్ బైఅవుట్ లాంటిదే, మొత్తం మాత్రం బయటికి చెప్పరు. పత్రికల్లో కనపడే అంకెలు అంచనాలే.

అసలు పాత టీమ్ ఎందుకు ఒప్పుకుంటుంది? అయూసో సంగతే తీసుకోండి. ఇటలీలో జరిగే మూడు వారాల రేసు జీరో (Giro)కి 2025లో యూఏఈ నాయకుడిగా వెళ్ళింది అతను. కానీ మొత్తం రేసులో ముందున్నవాడికిచ్చే పింక్ జెర్సీ వేసుకున్నది, చివరికి రెండో స్థానంలో నిలిచింది అతని టీమ్‌మేట్ ఇసాక్ డెల్ టోరో. అయూసో రేసు మధ్యలోనే తప్పుకున్నాడు. టూర్‌కి పొగాచర్ ఉన్నాడు, 2030 దాకా కదలడు. వూల్టాకి జువావ్ అల్మైదా ఉన్నాడు. టూర్, జీరో, వూల్టా ఈ మూడింటినీ గ్రాండ్ టూర్లు అంటారు. ఒక్కోదానికి ఒక్కో టీమ్ 8 మందిని పంపుతుంది, అందులో నాయకుడి కుర్చీ ఒకటే. కుర్చీ దొరకని, అసంతృప్తితో ఉన్న మంచి రైడర్ని 2028 దాకా కట్టి ఉంచితే టీమ్‌కీ నష్టమే. 2025 సెప్టెంబరు 1న, వూల్టా నడుస్తుండగానే, అతను వెళ్ళిపోతున్నాడని టీమ్ ప్రకటించింది. అదే వూల్టాలో ప్రకటనకి ముందొక స్టేజి, తర్వాత ఇంకో స్టేజి గెలిచాడు. 2026కి లిడ్ల్-ట్రెక్‌లో చేరాడు. కాబట్టి తమ్ముడూ, 2028 అనే తేదీ అతన్ని ఆపలేదు గానీ, వెళ్ళడానికి ఎవరి అనుమతి అడగాలో, బేరం ఎవరితో చేయాలో తేల్చింది ఆ తేదీయే.

ప్రిమోజ్ రోగ్లిచ్‌దీ ఇదే కుర్చీల లెక్క. 2023లో జంబో-విస్మా (ఇప్పటి విస్మా) మూడు గ్రాండ్ టూర్లూ గెలిచింది: జీరో రోగ్లిచ్‌కి, టూర్ వింగేగోర్‌కి, వూల్టా సెప్ కుస్‌కి. బయటి నుంచి చూస్తే ఇంతకంటే గొప్ప ఏడాది ఉండదు. లోపల మాత్రం ముగ్గురు విజేతలకి ఒకే టూర్ ఉంది. రోగ్లిచ్ ఆ అక్టోబరులోనే బోరాకి ఖాయమయ్యాడు, మరుసటి ఏడాది ఆ జెర్సీలో వూల్టా గెలిచాడు.

అన్నీ ఇంత మర్యాదగా జరగవు. 2023 డిసెంబరులో సియాన్ ఔట్‌డెబ్రూక్స్ తమ టీమ్‌లో చేరుతున్నాడని విస్మా వైపు నుంచి ప్రకటన వచ్చింది. అతనికి 2024 చివరి దాకా మాతోనే కాంట్రాక్టు ఉందని అదే రోజు బోరా ప్రకటించింది. చివరికి ఒప్పందం కుదిరి విస్మాకే వెళ్ళాడు గానీ, ఆ నెలంతా ఎవరి మాట నమ్మాలో తెలియలేదు. అంతకుముందు 2018 సెప్టెంబరులో వౌట్ వాన్ ఆర్ట్ తన బెల్జియం టీమ్ కాంట్రాక్టుని తనే రద్దు చేసుకున్నాడు, 2019 మార్చిలో జంబో-విస్మాలో చేరాడు. పాత యాజమాన్యం కోర్టుకి వెళ్ళింది, రేసులు గెలుస్తూనే అతను ఏళ్ళ తరబడి ఆ కేసు మోయాల్సి వచ్చింది. ఇలాంటి వార్త వస్తే ఒక్క ప్రకటన చదివి తీర్పు చెప్పేయకండి. పాత టీమ్ ప్రకటనలో "పరస్పర అంగీకారం" అన్న మాట ఉందో లేదో చూడండి. లేదంటే గొడవ ఇంకా నడుస్తోందనే అర్థం.

మెట్టు 6: పెద్ద పేరు పక్కనున్న చిన్న పేర్లు వెతకండి

నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది. ఒక నాయకుడు వచ్చాడంటే వార్త వస్తుంది. అతని పక్కన ఎవరు వచ్చారన్నది వార్త కింద నాలుగో పేరాలో ఉంటుంది, కానీ ఫలితం తేల్చేది అదే.

బ్రిటన్ స్ప్రింటర్ మార్క్ కావెండిష్ చివరి రెండేళ్ళు చూడండి. 2022 చివర్లో క్విక్-స్టెప్ నుంచి బయటికి వచ్చాడు. బీ అండ్ బీ హోటల్స్ అనే ఫ్రెంచ్ టీమ్‌లో చేరతాడని అందరూ అనుకున్నారు, డబ్బు కుదరక డిసెంబరులో ఆ టీమే మూతపడింది. సీజన్ మొదలవుతున్న జనవరి 2023లో అస్తానా అతన్ని తీసుకుంది. అప్పటికి టూర్‌లో అతని స్టేజి విజయాలు 34, ఎడ్డీ మెర్క్స్‌తో సమానం. ఒక్కటి గెలిస్తే రికార్డు. కానీ అస్తానా ఎప్పుడూ కొండల టీమ్, స్ప్రింటర్ ముందు వరసగా నిలిచి వేగం పెంచే స్ప్రింట్ రైలు కట్టే అలవాటు దానికి లేదు. 2023 టూర్‌లో ఒక స్టేజిలో రెండో స్థానం దాకా వచ్చాడు, మరుసటి రోజే పడి కాలర్‌బోన్ విరిగింది. రిటైరవుతానని అప్పటికే చెప్పేశాడు. టీమ్ ఇంకో ఏడాది ఉండమంది.

ఆ శీతాకాలంలో అస్తానా చేసిన పని షీట్‌లో రాసుకోదగ్గది. మైకెల్ మోర్కోవ్‌ని క్విక్-స్టెప్ నుంచి తెచ్చింది. 2021 టూర్‌లో కావెండిష్ 4 స్టేజిలు గెలిచినప్పుడు చివరి మీటర్లలో అతని ముందున్న మనిషి మోర్కోవే. అప్పటికి అతనికి 38 దాటాయి. గెలుపులు చూసి కొనే టీమ్ ఏదీ ఆ వయసు రైడర్ వైపు చూడదు. కోచ్ వాసిలిస్ అనస్తోపులోస్‌ని కూడా క్విక్-స్టెప్ నుంచే తెచ్చారు. అంటే ఒక స్ప్రింటర్‌కి తనకి తెలిసిన చక్రాన్నీ, తనకి తెలిసిన శిక్షణనీ తిరిగి అమర్చారు. 2024 జులై 3న సెయింట్-వుల్బా స్టేజిలో కావెండిష్ 35వది గెలిచాడు. ఆ ఏడాది చివర్లో ఇద్దరూ రిటైరయ్యారు. మోర్కోవ్ వరుసలో "ఏ పనికి" అన్న గడి నింపి ఉంటే ఆ టీమ్ ఏ ఒక్క రోజు కోసం పని చేస్తోందో ముందు శీతాకాలంలోనే తెలిసిపోయేది.

రెమ్కో ఎవెనెపూల్ విషయంలోనూ ఇదే చేయండి. 2025 ఆగస్టు మొదటి వారంలో అతను సౌడాల్ క్విక్-స్టెప్ వదిలి రెడ్‌బుల్-బోరా-హాన్స్‌గ్రోహెకి (పైన చెప్పిన బోరానే) వెళ్తున్నాడని ప్రకటన వచ్చింది. అతనితో పాటు మత్తియా కత్తానేయో కూడా అదే దారి పట్టాడు. కత్తానేయో గెలుపుల జాబితా పొడవైనదేమీ కాదు. కొండ మొదటి సగంలో వేగం పట్టి నడపడం, చదును రోడ్డు మీద, ఒంటరిగా గడియారంతో పోటీపడే టైమ్ ట్రయల్‌లోలా దూసుకెళ్తూ నాయకుడికి గాలిని అడ్డుకోవడం అతని పని. నాయకుడు ఒంటరిగా వస్తున్నాడా, తన మనిషితో వస్తున్నాడా అన్నది ఆ కొత్త టీమ్ అతనికి ఎంత బరువిచ్చిందో చెప్తుంది.

మెట్టు 7: పాయింట్ల లెక్క వేయండి

వరల్డ్‌టూర్‌లో ఉండే హక్కు మూడేళ్ళ లెక్క మీద నడుస్తుంది. 2020–22 మొదటి చక్రం, 2023–25 రెండోది. మూడేళ్ళ మొత్తం పాయింట్లలో వెనకబడ్డ టీమ్ కింది అంతస్తుకి దిగుతుంది. 2022 చివర్లో లోటో సౌడాల్, ఇజ్రాయెల్-ప్రీమియర్ టెక్ దిగాయి, అల్పెసిన్, ఆర్కేయా ఎక్కాయి. రెండో చక్రంలో ఏటా టీమ్‌లోని మొదటి 20 మంది రైడర్ల పాయింట్లు లెక్కకి తీసుకున్నారు.

ఇక్కడ చాలామంది పట్టించుకోని అంకెలు రెండున్నాయి. టూర్‌లో ఒక స్టేజి గెలిస్తే 210 పాయింట్లు. 1.1 స్థాయి చిన్న ఒక రోజు రేసు గెలిస్తే 125. టూర్ స్టేజికి ప్రపంచంలోని మేటి స్ప్రింటర్లందరూ పోటీ. ఫ్రాన్స్‌లోనో ఇటలీలోనో ఫిబ్రవరిలో జరిగే చిన్న రేసుకి సగం మంది రారు. కాబట్టి దిగిపోతామన్న టెన్షన్‌లో ఉన్న టీమ్‌కి పెద్ద పేరు కంటే, ఏడాదికి చాలా చిన్న రేసుల్లో మొదటి పదిమందిలో నిలిచేవాడు విలువైనవాడు.

మళ్ళీ అస్తానానే చూడండి. 2024 ఆఖరికి పాయింట్ల పట్టికలో అట్టడుగుకి జారింది, తప్పించుకోవడం అసాధ్యమని చాలామంది తేల్చేశారు. చైనా సైకిల్ కంపెనీ ఎక్స్‌డీఎస్ స్పాన్సర్‌గా వచ్చింది. ఈసారి ఆ టీమ్ కావెండిష్ లాంటి ఒక్కడి చుట్టూ కాకుండా పాయింట్లు కూడబెట్టగల అనుభవజ్ఞుల్ని తెచ్చుకుంది: యూఏఈ నుంచి దియేగో ఉలీసీ, ఆర్కేయా నుంచి క్లెమాన్ షాంపూసాన్, రెడ్‌బుల్ నుంచి సెర్హియో హిగ్విటా, ఇంకా వౌట్ పూల్స్. పూల్స్ 2025లో టర్కీ టూర్ గెలిచాడు. ఆ టీమ్ ఒకే సీజన్‌లో లోటంతా పూడ్చుకుని వరల్డ్‌టూర్‌లో నిలబడింది. ఒకే యాజమాన్యం, వరుసగా రెండు శీతాకాలాలు, రెండు వేరు లెక్కలు. ఏ రైడర్ "మంచి సైనింగ్" అన్న ప్రశ్నకి టీమ్ అవసరం తెలియకుండా జవాబు చెప్పలేం అనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు దొరకలేదు.

మీ షీట్‌లో ఇంకో చిన్న గడి పెట్టండి: పాయింట్లు ఏ జెర్సీలో తెచ్చాడు. మూడేళ్ళ పట్టికలో రైడర్ తెచ్చిన పాయింట్లు తెచ్చినప్పటి టీమ్ దగ్గరే ఉంటాయి, అతనితో పాటు నడిచి రావు.

మెట్టు 8: డబ్బు, స్పాన్సర్, సైకిల్

జీతాల గురించి తక్కువే చెప్తాను, ఎందుకంటే బయట తిరిగే అంకెల్లో చాలావరకు ఊహలే. ఖాయంగా తెలిసింది కనీస జీతం: వరల్డ్‌టూర్‌లో ఏడాదికి 40 వేల యూరోలకి పైమాటే, కొత్తగా ప్రొఫెషనల్ అయినవాళ్ళకి అంతకంటే తక్కువ. అంటే మన లెక్కలో సుమారు 40 లక్షల రూపాయలు దాటుతుంది. బెంగళూరులో అనుభవమున్న సాఫ్ట్‌వేర్ ఇంజినీరు తెచ్చుకునే జీతమే అది, ఆ మనిషి ఏడాదంతా ప్రాణం పణంగా పెట్టి కొండలు దిగుతాడు.

ఈ ఆటలో టీమ్‌లకి టికెట్ల ఆదాయం లేదు, టీవీ హక్కుల్లో చెప్పుకోదగ్గ వాటా లేదు. స్పాన్సర్ వెళ్తే టీమ్ పోతుంది. 2025 చివర్లో ఆర్కేయా-బీ అండ్ బీ హోటల్స్ మూతపడింది. దాని మేటి రైడర్ కెవిన్ వొక్లాన్, అదే ఏడాది టూర్‌లో ఏడో స్థానంలో నిలిచినవాడు, ఇనియోస్‌కి వెళ్ళాడు. అలాంటివాళ్ళకి తలుపులు తెరిచే ఉంటాయి. అదే టీమ్‌లోని పాతికో పేరు ఏమైందో కూడా వెతకండి. అదే శీతాకాలంలో లోటో, ఇంటర్మార్షే కలిసిపోయాయి, రెండు టీమ్‌ల జనం ఒకే టీమ్‌లో పట్టరు కదా. బినియమ్ గిర్మాయ్ లాంటి 2024 టూర్ గ్రీన్ జెర్సీ (పాయింట్ల పోటీ) విజేతకి ఎన్ఎస్ఎన్ టీమ్‌లో చోటు దొరికింది. నవంబరులో ఇంకా కాంట్రాక్టు లేని సహాయ రైడర్లకి అంత సులువుగా దొరకదు. ట్రాన్స్‌ఫర్ వార్తలు చదివేటప్పుడు వీళ్ళని మర్చిపోకూడదని నా గట్టి అభిప్రాయం.

సైకిల్ కంపెనీని కూడా చూడండి. ఎవెనెపూల్ పాత టీమ్, కొత్త టీమ్ రెండూ స్పెషలైజ్డ్ సైకిళ్ళే వాడతాయి, కాబట్టి అతని మార్పులో ఆ చిక్కు రాలేదు. మిగతావాళ్ళకి వస్తుంది: కొత్త ఫ్రేమ్, కొత్త శాడిల్, కొత్త టైమ్ ట్రయల్ పొజిషన్. శాడిల్ మారిస్తే ఏమవుతుందో మనలో నంది ఎక్కేవాళ్ళందరికీ నడుము సాక్షిగా తెలుసు. ప్రొఫెషనల్‌కి దానికి తోడు విండ్ టన్నెల్ పరీక్షలు మళ్ళీ మొదటికొస్తాయి. అందుకే టీమ్ మారిన టైమ్ ట్రయల్ రైడర్ని మార్చి నెల ఫలితాలతో కొలవొద్దు.

మెట్టు 9: కుర్రాళ్ళ కాంట్రాక్టులు

25 ఏళ్ళు దాటకుండా మొదటిసారి వరల్డ్‌టూర్‌కో ప్రోటీమ్‌కో చేరినవాణ్ణి నియో-ప్రో అంటారు. అతనికి కనీసం రెండేళ్ళ కాంట్రాక్టు ఇవ్వాలని నియమం. మొదటి ఏడాది పడుతూ లేస్తూ నేర్చుకోవడానికి ఇది రక్షణ. కానీ ఇప్పుడు పెద్ద టీమ్‌లు తమ డెవలప్‌మెంట్ టీమ్‌ల్లో 18, 19 ఏళ్ళకే పిల్లల్ని పట్టేసి నాలుగైదేళ్ళకి సంతకాలు చేయిస్తున్నాయి. అయూసో, ఔట్‌డెబ్రూక్స్ లాంటి గొడవలకి ఒక మూలం ఇదే అనిపిస్తుంది నాకు. 19 ఏళ్ళప్పుడు పెట్టిన సంతకం 23 ఏళ్ళకి ఇరుకవుతుంది.

మన దగ్గర రేసింగ్‌లోకి రావాలనుకునే కుర్రాళ్ళు ఉంటే వాళ్ళకి ఈ నిచ్చెన కింది మెట్ల నుంచి చూపించండి. బెంగళూరులో క్లబ్బు రేసులు, జాతీయ పోటీలు, ఆ తర్వాత యూసీఐ పాయింట్లు దొరికే రేసు. బెంగళూరులో శిక్షణ తీసుకున్న నవీన్ జాన్, అరవింద్ పన్వార్‌తో కలిసి 2016లో దోహా ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో దిగాడు. 2026 జనవరిలో పుణె గ్రాండ్ టూర్ యూసీఐ 2.2 స్థాయిలో (కొన్ని రోజుల చిన్న రేసుల తరగతి) జరిగింది, విదేశీ కాంటినెంటల్ టీమ్‌లు మన రోడ్ల మీదికే వచ్చాయి. యూరప్ టీమ్ ఏదీ స్ట్రావా యాప్‌లో నంది కొండ టైమ్ చూసి పిలవదు. గుంపులో నలుగురి మధ్య భుజం రాసుకుంటూ దూసుకెళ్ళిన ఫలితం కావాలి. అది దొరికేది కాంటినెంటల్ స్థాయి రేసుల్లోనే.

మెట్టు 10: జనవరిలో సరిచూసుకోండి

జనవరి 1న కొత్త జెర్సీ ఫొటోలు వస్తాయి. వాటితో సరిపెట్టుకోకుండా ఆ నెల అడిలైడ్‌లో జరిగే టూర్ డౌన్ అండర్ చూడండి, ముగింపు మనకి పొద్దుటి పూటే పడుతుంది. కొత్తగా వచ్చినవాడు చివరి 5 కిలోమీటర్లలో ఎవరి ముందున్నాడు, ఎవరి వెనకున్నాడు అని గమనించి, శీతాకాలంలో మీరు షీట్‌లో రాసిన పనితో పోల్చండి. తేడా ఉంటే గడి మార్చండి. జనవరిలో అనుకోనివి కూడా జరుగుతాయి: 2025లో విస్మాకి జీరో గెలిచిపెట్టిన సైమన్ యేట్స్ 2026 జనవరి మొదటి వారంలో హఠాత్తుగా రిటైరయ్యాడు, అప్పటికి మంచి కొండ రైడర్లందరూ ఎక్కడో ఒకచోట సంతకాలు చేసేశారు.

చివరిగా, ఆ ఏడాది డిసెంబరు 31న కాంట్రాక్టు ముగిసేవాళ్ళ వరుసలకి పసుపు రంగు వేసి ఉంచుకోండి. ఏప్రిల్ నెలాఖరులో బెల్జియంలో లియెజ్ రేసు జరిగే వారానికల్లా వాళ్ళ మీద మొదటి వార్తలు రావడం మొదలవుతుంది.